గోడలోని కోయాక్స్ కేబుల్ మీద ఇంటి నెట్‌వర్క్: పనితీరును దేనితో కొలవాలి?

అమెరికాలో ఇల్లు అద్దెకు తీసుకున్నా కొనుక్కున్నా, దాదాపు ప్రతి గదిలోనూ గోడ అడుగు భాగాన ఒక చిన్న తెల్లని పలక, దాని మధ్యలో మరలు తిరిగిన లోహపు ముక్కు కనిపిస్తాయి. కేబుల్ టీవీ కోసం ఇల్లు కట్టిన రోజుల్లోనే గోడల లోపల పరిచిన కోయాక్సియల్ కేబుల్ చివర అది. టీవీ కార్యక్రమాలు ఇంటర్నెట్‌లోకి మారిపోయాక ఆ పలకలు చాలా ఇళ్లలో సోఫాల వెనుక మరుగున పడ్డాయి. అయితే అదే కేబుల్ మీద ఒక గది నుంచి మరో గదికి కంప్యూటర్ నెట్‌వర్క్‌ను నడిపే పద్ధతి ఒకటి ఇరవై ఏళ్లుగా వాడుకలో ఉంది. దాన్ని మోకా అంటారు. మల్టీమీడియా ఓవర్ కోయాక్స్ అలయన్స్ అనే పేరులోని తొలి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. 2004లో ఏర్పడిన ఆ కూటమి ప్రమాణాలను రూపొందిస్తే, వెరైజన్ అనే టెలికాం సంస్థ తన ఫైయోస్ అనే ఫైబర్ సేవ ఉన్న ఇళ్లలో రౌటర్లకూ సెట్‌టాప్ బాక్సులకూ మధ్య ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడింది.

న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో రెండంతస్తుల ఇంట్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఈ ప్రస్తావన రావడానికి కారణం సాధారణంగా ఒక్కటే. రౌటర్ కింద హాల్లో ఉంటుంది, ఆఫీసు పని పైగదిలో జరుగుతుంది, పిల్లల కంప్యూటర్ బేస్‌మెంట్‌లో ఉంటుంది, వైఫై ఆ రెండు చోట్లకూ చేరేసరికి నీరసించిపోతుంది. కొత్తగా ఈథర్నెట్ కేబుల్ లాగుదామంటే, పాత కోయాక్స్‌ను గోడ లోపలి చెక్క నిలువులకు క్లిప్పులు కొట్టి బిగించి ఉంటారు కాబట్టి, దాని కొసకు కొత్త కేబుల్ కట్టి లాగడం కుదరదు. గోడ కోయాలి, లేదా ఉన్న కోయాక్స్‌కే రెండు వైపులా రెండు మోకా అడాప్టర్లు, అంటే ఈథర్నెట్ సంకేతాన్ని కోయాక్స్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టెలు, తగిలించాలి. రెండో దారి పట్టినవారందరికీ వారం తిరగకుండానే ఎదురయ్యే ప్రశ్న, ఇది సరిగ్గా పని చేస్తోందా లేదా అన్నది.

ఈ ప్రశ్నకు చాలామంది వెతికే జవాబు బ్రౌజర్‌లో స్పీడ్ టెస్ట్ నడిపితే వచ్చే అంకె. ఆ అంకె కోయాక్స్ గురించి దాదాపు ఏమీ చెప్పదని నా అభిప్రాయం. కంప్యూటర్, దాని నెట్‌వర్క్ పోర్టు, ఈథర్నెట్ వైర్లు, రెండు అడాప్టర్లు, మధ్యలోని కోయాక్స్, దాన్ని గదిగదికీ చీల్చే స్ప్లిటర్లు, రౌటర్, మోడెమ్, ఇంటర్నెట్ సంస్థ, ఆవలి సర్వర్ అన్నీ కలిసిన గొలుసు మొత్తంలో ఎక్కడ అతి సన్నని లంకె ఉందో అక్కడి వేగమే ఆ అంకె. కోయాక్స్‌ను విడిగా నిలబెట్టి కొలిచేదాకా దాన్ని మెచ్చుకోవడానికీ ఆధారం ఉండదు, తప్పు పట్టడానికీ ఉండదు.

పెట్టె మీద రాసిన 2.5 జీబీపీఎస్

ముందుగా పోలికకు ఏ అంకెను పెట్టుకోవాలో తేల్చుకోవాలి. మోకా 1.1 తరం సుమారు 175 ఎంబీపీఎస్ (సెకండుకు మెగాబిట్లు, వెయ్యి కలిస్తే ఒక జీబీపీఎస్) మోసేది. మోకా 2.0 ఒక్క చానెల్ మీద 400, రెండు చానెళ్లను జోడిస్తే 800, కేబుల్ మీద రెండే అడాప్టర్లు ఉన్నప్పుడు 1,000 ఎంబీపీఎస్ వరకు ఇస్తుంది. 2016లో వచ్చిన మోకా 2.5 ఒక్కొక్కటి 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఐదు చానెళ్ల వరకు జోడించి 2,500 ఎంబీపీఎస్ అందిస్తుంది. కేబుల్ టీవీ సంకేతాలకు తగలకుండా ఇది వాడుకునే పౌనఃపున్యాల పట్టీ 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఈనాడు దుకాణాల్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం 2.5 తరానివే.

ఆ 2,500 అన్నది ఇంట్లోని కోయాక్స్ మొత్తానికి ఉమ్మడి ఆస్తి, ఒక జత అడాప్టర్ల సొంతం కాదు. పైగా వెళ్లే రాకపోకలూ వచ్చే రాకపోకలూ రెండూ అందులోనే సర్దుకోవాలి. ఈథర్నెట్ వైరు జోడు లైన్ల రైలు మార్గం లాంటిదైతే, కోయాక్స్ సింగిల్ లైన్ లాంటిది. ఎదురెదురుగా రెండు బళ్లు ఒకేసారి నడవలేవు. అందుకే అడాప్టర్లలో ఒకటి స్టేషన్ మాస్టర్ బాధ్యత తీసుకుని, ఎవరు ఏ క్షణాన ఎంతసేపు పంపాలో నిర్ణయించి అందరికీ ముందుగా ప్రకటిస్తుంది. దాన్ని నెట్‌వర్క్ కోఆర్డినేటర్ అంటారు. పంపవలసింది ఉన్న ప్రతి అడాప్టరూ మొదట అనుమతి అడుగుతుంది, లైన్ క్లియర్ వచ్చాకే పంపుతుంది. ఎవరి సమయం వారిది కాబట్టి ఢీకొనడాలు లేవు. వైఫై కన్నా ఇది నిలకడగా ఉండడానికి గోడల అడ్డు లేకపోవడం ఎంత కారణమో, ఈ క్రమశిక్షణా అంతే కారణం.

ఇంకొక అంకె అడాప్టర్ సొంత వెబ్ పేజీలో కనిపిస్తుంది. దానికి ఫై రేటు అని పేరు. మోకా 2.5లో కేబుల్ బాగున్నప్పుడు అది 3,500 దగ్గర ఉంటుంది. మొదటిసారి చూసినవారు పెట్టె మీద రాసినదానికన్నా ఎక్కువ వస్తోందని సంతోషిస్తారు గానీ, అది తీగ మీద పారే ముడి బిట్ల లెక్క. దోషాలు సవరించే అదనపు బిట్లు, అనుమతుల ప్రకటనలు, ఒక ప్రసారానికీ మరో ప్రసారానికీ మధ్య విడిచే ఖాళీలు అన్నీ తీసివేస్తే, మనకు మిగిలేది అందులో ఇంచుమించు 70 శాతం. ఈ నిష్పత్తిని గుర్తు పెట్టుకుంటే తరువాతి లెక్కలన్నీ తేలికవుతాయి.

941 ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంట్లో కొలతకు చాలామంది వాడేది ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్. ఒక కంప్యూటర్‌లో దాన్ని సర్వర్‌గా, మరో కంప్యూటర్‌లో క్లయింటుగా నడిపితే, డిస్కుతోనూ ఇంటర్నెట్‌తోనూ సంబంధం లేకుండా ఆ రెండింటి మధ్య ఉన్న దారిని మాత్రమే కొలుస్తుంది. గిగాబిట్ పోర్టులున్న కంప్యూటర్ల మధ్య దీన్ని నడిపిన ప్రతివారికీ 941 ఎంబీపీఎస్ అనే అంకె మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1,000 ఎందుకు రాలేదన్న అనుమానం వెంటనే వస్తుంది, నేరం కోయాక్స్ మీద పడుతుంది.

లెక్క వేసి చూస్తే ఆ నేరం నిలవదు. ఈథర్నెట్ ఒక విడతలో 1,500 బైట్ల ప్యాకెట్ పంపుతుంది. దానికి ముందు చిరునామాల కోసం 14 బైట్లు, చివర సరిచూసుకోవడానికి 4, మొదట్లో మేలుకొలుపుగా 8, రెండు ప్యాకెట్ల మధ్య ఎడంగా 12 బైట్ల కాలం కలిపితే, వైరు మీద పట్టే చోటు 1,538 బైట్లు. ఆ 1,500 లోపల కూడా ఐపీ, టీసీపీ శీర్షికలకు, సమయపు ముద్రలకు 52 పోగా అసలు సరుకు 1,448 బైట్లు. 1,448ని 1,538తో భాగిస్తే 0.941 వస్తుంది. కాబట్టి 941 వచ్చిందంటే గిగాబిట్ పోర్టు ఇవ్వగలిగినదంతా ఇచ్చేసిందని అర్థం. 2.5 గిగాబిట్ పోర్టులకు ఇదే లెక్కన 2,350 దాకా రావచ్చు.

ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. ఫై రేటు 3,500 ఉన్న మంచి కేబుల్ సుమారు 2,450 మోయగలదు. అది పాడై ఫై రేటు 1,900కు పడిపోతే సుమారు 1,330 మోస్తుంది. గిగాబిట్ పోర్టు ద్వారా చూస్తే రెండు సందర్భాల్లోనూ కనిపించేది 941 మాత్రమే. అంటే కోయాక్స్ తన శక్తిలో దాదాపు సగం పోగొట్టుకున్నా ఒకే దిశలో నడిపే ఐపెర్ఫ్ పరీక్షలో ఆ సంగతి బయటపడదు. అందుచేత 941 రావడం దారి తెరిచి ఉందనడానికి రుజువే గానీ, కేబుల్ ఆరోగ్యానికి రుజువు కాదు. ఆరోగ్యం చూడాలంటే అడాప్టర్ పేజీలో ప్రతి జతకూ, ప్రతి దిశకూ విడివిడిగా ఇచ్చే ఫై రేట్ల పట్టిక చూడాలి. మూడు అడాప్టర్లుంటే అందులో ఆరు అంకెలుంటాయి, ఆరూ చదవాలి.

మా ఇంట్లో జరిగినది

ఈ పాఠం నాకు రెండు విడతలుగా అబ్బింది. మాది న్యూజెర్సీలో 1990లలో కట్టిన టౌన్‌హౌస్. హాల్లో రౌటర్ పక్కన ఒకటి, పైగదిలో ఒకటి, బేస్‌మెంట్‌లో ఒకటి చొప్పున మూడు మోకా 2.5 అడాప్టర్లు పెట్టాం. గిగాబిట్ ఇంటర్నెట్ తీసుకున్నా పైగదిలో లాప్‌టాప్ స్పీడ్ టెస్ట్ 310 దాటలేదు. అడాప్టర్లు వాపసు చేసేద్దామని పెట్టెలో సర్దడం కూడా మొదలుపెట్టాను. సర్దే ముందు ఒక్కసారి, కోయాక్స్‌తో నిమిత్తం లేకుండా, ఆ లాప్‌టాప్‌నూ ఇంకో కంప్యూటర్‌నూ ఒకే ఈథర్నెట్ వైరుతో నేరుగా కలిపి ఐపెర్ఫ్ నడిపితే వచ్చినది 320. లాప్‌టాప్‌కు ఈథర్నెట్ పోర్టు లేక వాడుతున్న డాంగిల్‌ను పాత యూఎస్‌బీ 2.0 రంధ్రంలో గుచ్చి ఉంచాను. ఆ రంధ్రం సంకేత వేగమే 480, ఆచరణలో 300 పైచిలుకు. పక్కనున్న నీలం రంగు యూఎస్‌బీ 3.0 రంధ్రంలోకి మార్చగానే నేరుగా 941, కోయాక్స్ మీదుగా కూడా 941.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి పరీక్ష కోయాక్స్ పరీక్ష కాదు. కొలిచే రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టి, ఒకే వైరుతో కలిపి, అవి ఎంత వేగం అందుకోగలవో ముందు తెలుసుకోవాలి. తూకం వేసే ముందు ఖాళీ తక్కెడ సరిచూసుకోవడం లాంటిది ఇది. ఆ తరువాత రెండు అడాప్టర్లనూ ఒక మూరెడు కొత్త కోయాక్స్ ముక్కతో బల్ల మీదే కలిపి కొలవాలి. అప్పుడు వచ్చే ఫై రేటు ఆ అడాప్టర్ల అత్యుత్తమ స్థాయి. చివరగా వాటిని గోడ పలకలకు తగిలించి కొలిస్తే, బల్ల మీది అంకెకూ గోడ అంకెకూ ఉన్న తేడా మొత్తం గోడ లోపలి కేబుల్‌ది, స్ప్లిటర్లది. నిందితులు ఇద్దరే మిగులుతారు.

రెండో విడతలో దోషం నిజంగానే కేబుల్ వైపు ఉంది, కానీ కనిపించలేదు. ఐపెర్ఫ్ ఏ జతకు నడిపినా, ఏ దిశలో నడిపినా 941 చూపేది. ఒక సాయంత్రం పైగది నుంచి పెద్ద బ్యాకప్ బేస్‌మెంట్‌లోని స్టోరేజీ పెట్టెకు వెళ్తుండగా, అదే స్టోరేజీ నుంచి పైగదికి వీడియో ఫైళ్లు తెస్తుంటే రెండూ మందగించాయి. రెండు దిశల్లో ఒకేసారి కొలిచే ఆప్షన్‌తో ఐపెర్ఫ్ నడిపితే రెండూ కలిపి 1,250 మాత్రమే వచ్చింది. పట్టిక తెరిస్తే బేస్‌మెంట్‌కూ పైగదికీ మధ్య ఫై రేట్లు 1,900 దగ్గర ఉన్నాయి, హాలుకూ పైగదికీ మధ్య 3,400 దాటి ఉన్నాయి. 1,900లో 70 శాతమంటే 1,330, కొలతలో వచ్చినది దానికి దగ్గరే.

టార్చి వేసుకుని బేస్‌మెంట్ పైకప్పు పలకలు ఎత్తి చూస్తే, దూలానికి మేకు కొట్టి వేలాడదీసిన ఎనిమిది దారుల స్ప్లిటర్ ఒకటి ఉంది. దాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ముద్ర ఉంది. మూడు దారులే వాడకంలో ఉన్నాయి, ఐదు నోళ్లు తెరుచుకుని దుమ్ము పట్టి ఉన్నాయి. బేస్‌మెంట్ గదికి వెళ్లే కేబుల్ కనెక్టర్‌ను వేలితో తాకితే గిర్రున తిరిగింది, లోపలి రాగి మొనకు నల్లని పొర పట్టి ఉంది. స్ప్లిటర్ తీసేసి 1675 మెగాహెర్ట్జ్ వరకు పని చేసే మూడు దారుల స్ప్లిటర్ పెట్టి, ఆ కనెక్టర్ కోసి కొత్తది వేసి, స్పానర్‌తో ఒక పట్టు బిగించాక ఫై రేట్లు అన్ని జతలకూ 3,300 దాటాయి. ఒక దిశలో ఐపెర్ఫ్ మళ్లీ అదే 941. రెండు దిశల్లో ఒకేసారి కొలిస్తే మాత్రం 1,250 కాస్తా 1,860 అయింది. రెండు గిగాబిట్ దిశల పరిమితి 1,882 కాబట్టి ఇక కేబుల్ నుంచి ఆశించడానికి మిగిలినదేమీ లేదు.

డెసిబెళ్ల జమాఖర్చు

ఆ స్ప్లిటర్ అంత నష్టం ఎలా చేసిందో అర్థం కావాలంటే డెసిబెల్ లెక్క కొంచెం తెలియాలి. 3 డెసిబెళ్లు పోతే సంకేతపు శక్తి సగమవుతుంది, 10 పోతే పదోవంతు, 20 పోతే నూరోవంతు. రెండు దారుల స్ప్లిటర్ దాటితే సుమారు 3.5, నాలుగు దారులదైతే 7, ఎనిమిది దారులదైతే 11 డెసిబెళ్లు పోతాయి. అవి టీవీ పౌనఃపున్యాల దగ్గరి అంకెలు, మోకా పట్టీలో నష్టం ఇంకా పెరుగుతుంది. ఆర్‌జీ-6 కేబుల్ 1450 మెగాహెర్ట్జ్ దగ్గర వంద అడుగులకు సుమారు 8 డెసిబెళ్లు తింటుంది. అంతకన్నా సన్నని, పాత ఇళ్లలో కనిపించే ఆర్‌జీ-59 మరింత తింటుంది. ఒక మామూలు ఇంట్లో యాభై అడుగుల కేబుల్ కన్నా ఒక్క నాలుగు దారుల స్ప్లిటర్ ఎక్కువ నష్టం చేస్తుందన్న సంగతి ఈ అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అయితే ఇవి లోపలి నోటి నుంచి బయటి నోటికి ప్రయాణించే టీవీ సంకేతాల లెక్కలు. మోకా నడక వేరు. పైగది అడాప్టర్ బేస్‌మెంట్ అడాప్టర్‌తో మాట్లాడాలంటే సంకేతం స్ప్లిటర్ ఒక బయటి నోట్లోంచి వచ్చి మరో బయటి నోట్లోకి దూకాలి. స్ప్లిటర్ తయారుచేసినవారు ఆ దూకుడును కావాలనే అడ్డుకుంటారు, ఒక టీవీ అలజడి మరో టీవీకి తగలకూడదని ఆ రెండు నోళ్ల మధ్య 20 డెసిబెళ్లకు పైగా ఎడబాటు ఉంచుతారు. మోకా అడాప్టర్లు ఈ నష్టాన్ని తట్టుకునేలా రూపొందాయి కాబట్టే పని జరుగుతోంది. కానీ తట్టుకోగలిగే మేరకు ఒక హద్దు ఉంది. మోకా పట్టీకి పనికిరాని పాత స్ప్లిటర్ 1000 మెగాహెర్ట్జ్ పైన ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. ఒక చానెల్ బాగా సాగి, పక్క చానెల్ గుంటలో పడవచ్చు. అడాప్టర్ ఆ గుంట ఉన్న చోట తక్కువ బిట్లు మోపి సర్దుకుంటుంది, ఫై రేటు తగ్గుతుంది, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడే పాయింట్ ఆఫ్ ఎంట్రీ ఫిల్టర్ అనే బొటనవేలంత లోహపు గొట్టం ప్రస్తావన వస్తుంది. బయటి నుంచి కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట, మొదటి స్ప్లిటర్ లోపలి నోటికి దీన్ని బిగిస్తారు. మోకా సంకేతం పొరుగింటికి పోకుండా ఆపుతుంది, పొరుగింటి అడాప్టర్లు మన నెట్‌వర్క్‌లో చేరకుండా కాపాడుతుంది. గోడకు గోడ ఆనుకుని ఉండే టౌన్‌హౌసుల్లో ఇది తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను, దానికి తోడు అడాప్టర్లలో పాస్‌వర్డ్ కూడా పెట్టుకోవాలి. పనితీరు దృష్ట్యా దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. బయటికి పోవలసిన మోకా సంకేతాన్ని ఇది వెనక్కి కొడుతుంది. ఆ ప్రతిఫలనం స్ప్లిటర్ లోపలి నోటి గుండా తిరిగి వచ్చి అన్ని బయటి నోళ్లకూ పంచుకుంటుంది కాబట్టి, ఒక గది నుంచి మరో గదికి దూకే దారి బలపడుతుంది. ఖాళీ నోళ్లకు 75 ఓమ్‌ల మూతలు బిగించడం కూడా మంచిదే, తెరిచి ఉన్న నోటి నుంచి అక్కరలేని ప్రతిధ్వని వస్తుంది.

కేబుల్ ఇంటర్నెట్ వాడే ఇళ్లలో ఒక జాగ్రత్త ఉంది. కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణమైన డాక్సిస్ 3.1 మోడెములు 1218 మెగాహెర్ట్జ్ దాకా వాడుకునే వీలుంది, మోకా 1125 దగ్గర మొదలవుతుంది. రెండూ ఒకే కేబుల్ మీద కలిస్తే ఒకదాని గోల మరొకదానికి తగలవచ్చు. మోడెమ్ ముందు మరో ఫిల్టర్ పెట్టడమో, వీలైతే మోడెమ్‌కు వచ్చే కేబుల్‌ను మోకా కేబుళ్ల నుంచి పూర్తిగా విడదీయడమో చేయాలి. ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవారికి ఈ బెడద లేదు.

నెమ్మది బండి

మోకా కొత్త తరాలు పాత తరాలతో కలిసి పని చేస్తాయని పెట్టె మీద రాసి ఉంటుంది, అది నిజమే. దాని ఖరీదు ఎంతో మాత్రం రాసి ఉండదు. సింగిల్ లైన్ మీద ఎక్స్‌ప్రెస్‌నూ ప్యాసింజర్‌నూ కలిపి నడిపితే లైన్‌ను ఎక్కువసేపు ఆక్రమించేది ప్యాసింజరే. 20 ఎంబీపీఎస్ వీడియోను మోకా 2.5 అడాప్టర్‌కు పంపడానికి లైన్ సమయంలో ఒక శాతం కన్నా తక్కువ చాలు. అదే వీడియోను 175 ఎంబీపీఎస్ మాత్రమే అందుకోగల మోకా 1.1 సెట్‌టాప్ బాక్సుకు పంపడానికి సుమారు 11 శాతం పడుతుంది. అటువంటి బాక్సులు మూడు ఉంటే లైన్‌లో మూడోవంతు వాటికే పోతుంది, కొత్త అడాప్టర్ల ఫై రేటు పట్టికలో మాత్రం అంకెలు చెక్కుచెదరవు. అందరికీ ఒకేసారి వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ప్రసారాల వేగం కూడా అందరూ అందుకోగలిగేంత మేరకే ఉంటుంది, అంటే అతి బలహీనమైన కేబుల్ చివరన ఉన్నవాడి మేరకు. ఈ కారణంగానే పనితీరును ఇంట్లో అందరూ నిద్రపోయాక కొలిచి తృప్తి పడకూడదు. రాత్రి ఎనిమిదింటికి టీవీలన్నీ నడుస్తుండగా, వీడియో కాల్‌లో అమ్మానాన్నలు మాట్లాడుతుండగా కొలిచిన అంకె ఆ ఇంటి అసలు అంకె.

ఆలస్యం వేరే లెక్క

వేగం ఎంత ఉన్నా, లైన్ క్లియర్ కోసం ఆగే కాలం తప్పదు. ఈథర్నెట్ వైరు మీద ఇంట్లోని రౌటర్‌కు పింగ్ చేస్తే, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబుకు పట్టే కాలం చూస్తే, ఒక మిల్లీసెకండు లోపే జవాబు వస్తుంది. మోకా మీద సాధారణంగా 3 నుంచి 5 మిల్లీసెకండ్లు పడుతుంది. అడాప్టర్ పాడైందని దీని అర్థం కాదు, అనుమతి అడిగి తీసుకునే పద్ధతికి అయ్యే ఖర్చు ఇది. న్యూజెర్సీ నుంచి హైదరాబాద్‌కు వీడియో కాల్‌లో పట్టే 200 మిల్లీసెకండ్లకు పైబడిన ప్రయాణంలో ఆ నాలుగూ ఎవరికీ తెలియవు. ఆటలు ఆడే పిల్లలకు కూడా, వైఫైలో అప్పుడప్పుడు 60కీ 80కీ ఎగిరిపడే ఆలస్యం కన్నా ఎప్పుడూ 4 దగ్గర నిలిచే ఆలస్యం ఎంతో మేలు. చూడవలసింది సగటు మాత్రమే కాదు, హెచ్చుతగ్గులు. అయిదు నిమిషాలు పింగ్ నడిపి, నడుమ ఐపెర్ఫ్‌తో దారంతా నింపి, అప్పుడు ఆలస్యం ఎంత పెరిగిందో చూడాలి. 4 కాస్తా 8 అయితే పరవాలేదు. ఇంటి లోపల పింగ్ మామూలుగా ఉండి, బయటి సర్వర్‌కు చేసిన పింగ్ మాత్రం 150కి ఎగిరితే, బరువు పేరుకుపోతున్నది రౌటర్ దగ్గరో ఇంటర్నెట్ సంస్థ వైపో గానీ కోయాక్స్‌లో కాదు.

ఈ చిన్న ఆలస్యం వేగాన్ని కూడా దెబ్బతీసే సందర్భం ఒకటుంది. టీసీపీ పద్ధతిలో పంపేవాడు కొంత సరుకు పంపి, అందినట్టు కబురు వచ్చేదాకా ఆగుతాడు. ఆ విడత పరిమాణం పాత పరికరాల్లో 64 కిలోబైట్ల దగ్గరే నిలిచిపోతుంది. 4 మిల్లీసెకండ్లకు ఒకసారి 64 కిలోబైట్ల చొప్పున పంపితే సెకండుకు 131 మెగాబిట్లు మాత్రమే అవుతుంది, కేబుల్ ఎంత వెడల్పుగా ఉన్నా ప్రయోజనం లేదు. పాత స్టోరేజీ పెట్టె నుంచి ఫైల్ కాపీ వేగం సెకండుకు 15 మెగాబైట్ల దగ్గర ఆగిపోయి, అదే దారిలో ఐపెర్ఫ్ 941 చూపిస్తే చాలావరకు కారణం ఇదే. ఐపెర్ఫ్‌ను ఒక స్ట్రీముతో (ఒకే ప్రవాహంతో) ఒకసారి, పక్కపక్కనే సాగే నాలుగు స్ట్రీములతో ఒకసారి నడిపి పోల్చడం అందుకే అవసరం. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే చిక్కు కంప్యూటర్ల అమరికలో ఉంది. రెండూ ఒకే చోట తక్కువగా ఆగితే అప్పుడు దారిని అనుమానించాలి. ఆ అనుమానం తీర్చుకోవడానికి కబురు కోసం ఆగకుండా పంపే యూడీపీ పద్ధతిలో పరీక్ష వేగాన్ని మెల్లమెల్లగా పెంచుతూ ప్యాకెట్లు ఎక్కడ పోవడం మొదలైందో చూడవచ్చు, అడాప్టర్ పేజీలో సవరించలేకపోయిన దోషాల లెక్క పెరుగుతోందో లేదో ఒక రోజంతా గమనించవచ్చు. చలికాలంలో బయటి గోడ పెట్టెలోని కనెక్టర్లలోకి తేమ చేరితే ఆ లెక్క రాత్రులు పెరిగి పగళ్లు తగ్గడం కూడా ఉంటుంది.

ఈ పద్ధతిని మన ఊళ్లకు తెచ్చుకోవచ్చా అని హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి బంధువులు అడుగుతుంటారు. అక్కడి పరిస్థితి వేరు. డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు దిగే కేబుల్ మీద డీటీహెచ్ సంకేతాలు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి. అమెరికాలో అమ్మే మోకా అడాప్టర్లు వాడే పట్టీ సరిగ్గా దాని నడుమ పడుతుంది, రెండూ ఒకే కేబుల్ మీద ఇమడవు. అమెరికాలో కూడా డిష్‌లతో టీవీ అందించే డైరెక్‌టీవీ సంస్థ ఈ చిక్కు వల్లనే తన ఇళ్లలో మోకాను 475–675 మెగాహెర్ట్జ్ పట్టీలోకి దించి వాడింది. డీటీహెచ్ మానేసి కేబుల్ ఖాళీగా పడి ఉన్న ఫ్లాటు అయితే వాడుకోవచ్చు గానీ, మన అపార్ట్‌మెంట్లలో ఆ కేబుల్ సాధారణంగా గోడ లోపలి పీవీసీ గొట్టంలోంచి వెళ్తుంది. గొట్టం ఉన్నప్పుడు పాత కోయాక్స్ కొసకే క్యాట్ 6 రకం ఈథర్నెట్ వైరు కట్టి లాగమని ఎలక్ట్రీషియన్‌కు చెబితే పని అయిపోతుంది, అడాప్టర్ల ఖర్చూ ఉండదు, 4 మిల్లీసెకండ్లూ ఉండవు. గొట్టంలో వంపులు ఎక్కువై వైరు కదలనప్పుడు మాత్రమే అడాప్టర్ల ఆలోచన చేయాలి. అది కూడా ముందు ఒక జత తెప్పించి, బల్ల మీద ఒకసారి, గోడకు ఒకసారి ఫై రేటు చూసి, తేడా ఎంతో కాగితం మీద రాసుకున్నాకనే.